స్వేయాబోర్గ్ కోటను అప్పగించిన క్రోన్‌స్టెడ్ట్ ద్రోహా? నా సమాధానం

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. 1790లో స్వెన్స్క్‌సుండ్ దగ్గర స్వీడన్‌ను గెలిపించిన కార్ల్ ఓలోఫ్ క్రోన్‌స్టెడ్ట్, 1808లో స్వేయాబోర్గ్ కోటను పెద్దగా పోరాడకుండానే రష్యాకు ఎందుకు అప్పగించాడు? డబ్బుకు అమ్ముడుపోయాడా? కోట నిలబడి ఉంటే ఫిన్లాండ్ స్వీడన్ చేతిలోనే ఉండేదా?

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. డబ్బుకు అమ్ముడుపోయాడని నేను నమ్మను. అలాగని పాపం ముసలాయన, పరిస్థితులు అలా వచ్చాయి అని వదిలేయను కూడా. అతను ఒప్పుకున్న షరతులను చదివితే, ఒక నావికుడు అలాంటి కాగితం మీద ఎలా సంతకం పెట్టాడా అని ఇప్పటికీ కోపం వస్తుంది. నేను వర్తక నౌకల్లో డెక్ ఆఫీసర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. చలికాలంలో ఫిన్లాండ్ సింధుశాఖలో ఐస్‌బ్రేకర్ వెనకాల ఓడ నడిపిన అనుభవం ఉంది. అందుకే ఈ కథలో అందరూ ఒక వాక్యంలో దాటేసే మంచు గురించి నేను ఎక్కువ మాట్లాడతాను.

క్రోన్‌స్టెడ్ట్ 1756లో హెల్సింకి పక్కనే ఉన్న బోట్‌బీ అనే ఎస్టేట్‌లో పుట్టాడు. ఫిన్లాండ్ అప్పుడు స్వీడన్ రాజ్యంలో భాగం. కుటుంబం స్వీడిష్ ప్రభువర్గానిది. ఆ రోజుల్లో ప్రభువుల ఇంటి పిల్లలకు ఆఫీసర్ ఉద్యోగం చిన్నప్పుడే రాసిపెట్టి ఉండేది, ఇతనూ అలాగే చిన్నతనంలోనే కొలువులో చేరాడు. అయితే ఆ తర్వాత అతను నేర్చుకున్న పని మాత్రం పేరు చూసి దొరికేది కాదు. 1776 నుంచి 1779 దాకా బ్రిటిష్ నౌకాదళంలో పనిచేశాడు. అది అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నడుస్తున్న కాలం. అప్పట్లో స్వీడన్ యువ ఆఫీసర్లు నిజమైన యుద్ధం చూడాలంటే ఇలా పరాయి జెండా కింద పనిచేయడమే దారి.

తిరిగొచ్చి చేరింది మామూలు నౌకాదళంలో కాదు, ద్వీపసముదాయ దళంలో. ఇది తెలియకపోతే అతని కథ సరిగ్గా అర్థం కాదు. స్వీడన్‌కు అప్పట్లో రెండు నౌకాదళాలు ఉండేవి. ఒకటి కార్ల్స్‌క్రూనా కేంద్రంగా ఉన్న పెద్ద తెరచాప యుద్ధనౌకల దళం. రెండోది తీరం వెంబడి వేల కొద్దీ చిన్న దీవులు, రాళ్ళ మధ్య తిరగడానికి కట్టిన పడవల దళం. ఈ రెండోది సైన్యం కింద ఉండేది. నౌకాయుద్ధం నడిపిన మనిషికి లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఏమిటని మీరు పక్కనే ఇంకో అనుమానం రాశారు కదా, దానికి కారణం ఇదే.

ఈ చిన్న దళానికి కావలసిన ఓడలను డిజైన్ చేసింది ఫ్రెడ్రిక్ హెన్రిక్ ఆఫ్ చాప్మన్. ఓడల నిర్మాణాన్ని లెక్కలతో కూడిన శాస్త్రంగా మార్చినవాళ్ళలో ఆయన పేరు ముందుంటుంది. తెరచాపతోనూ, తెడ్లతోనూ నడిచే హెమ్మెమా, తురుమా, ఉదెమా, పొయామా అనే నాలుగు రకాలు తయారుచేశాడు. ఆ పేర్లు ఫిన్లాండ్‌లోని ప్రాంతాలవి. వీటితో పాటు గన్ స్లూప్‌లు ఉండేవి. ముందు ఒకటి, వెనక ఒకటి బరువైన ఫిరంగి పెట్టుకుని, వరసగా కూర్చున్న మనుషులు తెడ్లు వేస్తే కదిలే పడవలు. గాలి లేనప్పుడు పెద్ద యుద్ధనౌక ఉన్నచోటే ఆగిపోతుంది. ఇవి దాని చుట్టూ తిరిగి కొట్టగలవు. లోతు తక్కువ ఉన్న నీళ్ళలోకి పెద్ద ఓడలు రాలేవు, ఇవి రాగలవు. ఫిన్లాండ్ తీరాన్ని కాపాడాలంటే ఈ పడవలే ప్రాణం. వీటి సంగతి గుర్తుపెట్టుకోండి, 1808లో మళ్ళీ వస్తుంది.

రాజు మూడో గుస్తావ్ 1788లో రష్యాతో యుద్ధం మొదలుపెట్టాడు. మొదటి నుంచీ గందరగోళమే. ఆ వేసవిలోనే అంజాలా అనే చోట 113 మంది ఆఫీసర్లు యుద్ధానికి వ్యతిరేకంగా సంతకాలు పెట్టారు. కొందరు రాజుకు తెలియకుండా రష్యా సామ్రాజ్ఞి కేథరిన్‌కు లేఖ పంపారు. 1789 ఆగస్టులో అదే స్వెన్స్క్‌సుండ్ జలసంధిలో రష్యా తరఫున పోరాడిన నస్సావ్-సీగెన్ ప్రిన్స్ చేతిలో స్వీడిష్ పడవల దళం ఓడింది. మరుసటి ఏడు వేసవిలో స్వీడన్ నౌకాదళం మొత్తం వీబోర్గ్ అఖాతంలో రష్యన్ల దిగ్బంధంలో చిక్కుకుంది. 1790 జులై 3న గాలి అనుకూలించగానే చీల్చుకుని బయటపడింది కానీ చాలా ఓడలు పోయాయి. శత్రువు మీదికి వదిలిన నిప్పు ఓడ ఒకటి వెళ్ళి సొంత ఓడలనే అంటుకుని పేలింది.

ఆ దెబ్బ తగిలిన వారం లోపలే రెండో స్వెన్స్క్‌సుండ్ యుద్ధం జరిగింది. పడవల దళం ఇప్పటి కోట్కా నగరం దగ్గరున్న దీవుల మధ్య చేరింది. నాయకత్వం పేరుకు రాజుదే, ఆయన పక్కన ఫ్లాగ్ కెప్టెన్‌గా, అంటే దళాధిపతి పక్కన ఉండి దళాన్ని నడిపించే ఆఫీసర్‌గా, 33 ఏళ్ళ క్రోన్‌స్టెడ్ట్. వ్యూహం సింపుల్. దీవుల మధ్య, లోపలికి వంగిన వరసలో పడవలకు లంగరు వేసి ఆగాలి. రష్యన్లే తెడ్లు వేసుకుంటూ అలసిపోయి రావాలి. వాళ్ళు ఏ దిక్కున ముందుకొచ్చినా రెండు పక్కల నుంచీ గుళ్ళు పడాలి.

నస్సావ్-సీగెన్ జులై 9నే దాడి చేయాలని పట్టుబట్టాడు. అది కేథరిన్ సింహాసనం ఎక్కిన రోజు, విజయాన్ని కానుకగా ఇద్దామనుకున్నాడు. ఉదయం దాడి మొదలైంది. పగలు గడిచేకొద్దీ నైరుతి గాలి పెరిగింది, అలలు లేచాయి. దీవుల చాటున లంగరు వేసుకున్న స్వీడిష్ పడవలు స్థిరంగా ఉన్నాయి. బయట రష్యన్ గాలీలు (తెడ్లతో నడిచే యుద్ధనౌకలు) ఊగిపోతున్నాయి. ఊగే పడవలో ఫిరంగి గురి కుదరదు. తెడ్లు వేసేవాళ్ళు పడవను వరసలో నిలబెట్టడానికే సత్తువంతా ఖర్చుపెట్టాలి. ఆ సమయంలో స్వీడన్ గన్ స్లూప్‌లు రష్యన్ల పక్కలకు చేరి కొట్టడంతో వరస చెదిరింది. తర్వాత ఓడలు రాళ్ళకెక్కడం, ఒకదాన్నొకటి గుద్దుకోవడం, తిరగబడడం. మర్నాటికి రష్యా పోగొట్టుకున్న ఓడలు 50కి పైనే, చనిపోయినవాళ్ళు, ఖైదీలు కలిసి వేలల్లో ఉన్నారు. స్వీడన్ పోగొట్టుకున్నవి ఐదారు. మునిగిన రష్యన్ ఫ్రిగేట్ సెయింట్ నికోలాయ్ శిథిలం 1948లో కోట్కా దగ్గర సముద్రం అడుగున కనిపించింది. బాల్టిక్‌లో జరిగిన అతిపెద్ద నౌకాయుద్ధంగా దీన్నే చెప్తారు. ఆగస్టు 14న వ్యారలా దగ్గర సంధి కుదిరింది, ఒక్క అంగుళం భూమి కూడా చేతులు మారలేదు. ఓడిపోయే దశలో ఉన్న దేశానికి అదే పెద్ద విజయం.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. స్వెన్స్క్‌సుండ్‌లో క్రోన్‌స్టెడ్ట్ పక్కన రాజు ఉన్నాడు. ఏం చేయాలో ఆ పూటే తేలిపోయింది, నిర్ణయం భారం పంచుకునేవాళ్ళు ఉన్నారు. ఆ పరిస్థితిలో అతను అద్భుతంగా పనిచేశాడు. 1808లో ఇవేవీ లేవు.

మధ్యలో గడిచిన కాలం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 1792లో మూడో గుస్తావ్‌ను ముసుగుల నాట్యవేడుకలో ఒక ప్రభువర్గపు మనిషే కాల్చాడు. క్రోన్‌స్టెడ్ట్ ఆ దశాబ్దంలో నౌకాదళ వ్యవహారాల్లో పైస్థాయికి ఎదిగాడు. కొత్త రాజు నాలుగో గుస్తావ్ అడాల్ఫ్‌తో మాత్రం పొసగలేదు. 1801 ఏప్రిల్ 2న బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ మీద దాడి చేసినప్పుడు సాయానికి రావలసిన స్వీడిష్ ఓడలు కార్ల్స్‌క్రూనా నుంచి సమయానికి చేరలేదు. ఆ ఏడే అతన్ని రాజధానికి దూరంగా, స్వేయాబోర్గ్ కోటకు అధిపతిగా పంపేశారు. ఇది గౌరవమని నేను అనుకోను. పై పదవి నుంచి పక్కకు నెట్టేసిన మనిషి చేతికి రాజ్యంలోకెల్లా ముఖ్యమైన కోటను ఇచ్చారు. ఏడేళ్ళు అతను ఆ అసంతృప్తితోనే అక్కడ కూర్చున్నాడు.

స్వేయాబోర్గ్ అంటే హెల్సింకి ముందు సముద్రంలో ఉన్న దీవుల మీద కట్టిన కోట. 1748లో ఆగస్టిన్ ఎరెన్‌స్వార్డ్ నాయకత్వంలో పని మొదలైంది. ఖర్చులో ఫ్రాన్స్ సాయం కూడా ఉంది. "ఉత్తరాది జిబ్రాల్టర్" అని పేరు. ఇప్పుడు సువొమెన్‌లిన్నా అంటారు, 1991 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. 1808లో అందులో ఏడు వేల మందికి దగ్గరగా సైనికులు, 700కి పైగా ఫిరంగులు, వందకు పైగా పడవలు ఉన్నాయి. ఇంత ఉండి ఎలా పడిపోయిందనే కదా మీ ఆశ్చర్యం.

ఆ కోట బలం నీళ్ళే. సముద్రం నుంచి వచ్చే ఓడలను కొట్టడానికి కట్టింది అది. చలికాలంలో సముద్రం గడ్డకడితే దీవులు దీవులుగా ఉండవు, చుట్టూ నడిచి రాగలిగిన మైదానం అయిపోతుంది. గోడల దగ్గర మంచును కోసి నీళ్ళ కందకం తెరిచి ఉంచడానికి మనుషులు రాత్రీ పగలూ కష్టపడాలి. ఈ రోజు కోసినది రేపటికి మళ్ళీ గట్టిపడుతుంది. గట్టి చలి పడిన ఏడు ఫిబ్రవరి చివర్లో అక్కడి మంచు మీద లారీలు పోవచ్చు. రష్యా 1808 ఫిబ్రవరి 21న సరిహద్దు దాటింది అందుకే. అంతకుముందు ఏడాది టిల్సిట్‌లో నెపోలియన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం, బ్రిటన్‌తో తెగతెంపులు చేసుకొమ్మని స్వీడన్‌ను బలవంతపెట్టడం వాళ్ళ సాకు.

మార్చి 2కి హెల్సింకి రష్యన్ల చేతికి వచ్చింది. స్వీడన్ ప్రధాన సైన్యం పోరాడకుండా ఉత్తరానికి వెనక్కి తగ్గుతోంది. మార్చి 18న లోవీసా దగ్గరున్న స్వార్త్‌హోల్మ్ కోట లొంగిపోయింది. స్వేయాబోర్గ్ ఒంటరిదైంది. అయినా మొదట్లో బయట ఉన్న రష్యన్ల సంఖ్య లోపలున్నవాళ్ళ కంటే తక్కువే. ఒక్కసారి కూడా క్రోన్‌స్టెడ్ట్ బయటికొచ్చి వాళ్ళను గట్టిగా కొట్టలేదు. హెల్సింకి నగరాన్ని తాను కాల్చనని, బదులుగా నగరం వైపు నుంచి తన మీద దాడి చేయొద్దని కూడా మాట ఇచ్చిపుచ్చుకున్నాడు. ఊళ్ళో జనం బతికారు, నిజమే. రష్యన్లకు మాత్రం తలదాచుకునే వెచ్చని ఇళ్ళు దొరికాయి.

ముట్టడి నడిపింది యాన్ పీటర్ వాన్ సుఖ్తెలెన్, నెదర్లాండ్స్‌లో పుట్టి రష్యా కొలువులో పెద్దవాడైన ఇంజినీర్. గోడలను కూల్చేంత బలం తన దగ్గర లేదని ఆయనకు బాగా తెలుసు. అందుకే గోడలను వదిలి లోపలున్న మనుషుల మీద పనిచేశాడు. కాసేపు ఫిరంగులు, ఆ వెంటనే చర్చలు, మళ్ళీ ఫిరంగులు. స్వీడన్ పని అయిపోయిందన్న వార్తలను లోపలికి చేరనిచ్చాడు, మిగతావి ఆపాడు. కోటలో ఆఫీసర్ల భార్యాపిల్లలు ఉన్నారు, వాళ్ళ టెన్షన్ ఆఫీసర్లకు పాకింది. క్రోన్‌స్టెడ్ట్ పక్కన ఉండి చర్చల్లో ముందు నడిచిన కల్నల్ ఫ్రెడ్రిక్ అడాల్ఫ్ యేగెర్‌హోర్న్ ఇంటిపేరు అంజాలా కుట్ర నాటి నుంచీ రష్యాకు పరిచయమే. అప్పట్లో కేథరిన్‌కు లేఖ తీసుకెళ్ళింది ఆ కుటుంబపు మనిషే. ఈ దండయాత్రకు సలహాలిచ్చిన స్ప్రెంగ్ట్‌పోర్టెన్ కూడా స్వీడన్‌ను వదిలి రష్యా పక్షాన చేరిన ఫిన్లాండ్ ప్రభువే. కోటలో ఎవరు ఎలాంటివాళ్ళో బయటివాళ్ళకు బాగా తెలుసు.

ఏప్రిల్ 6న, కోటకూ నగరానికీ మధ్య ఉన్న లోన్నా అనే చిన్న దీవి మీద జరిగిన చర్చల తర్వాత ఒప్పందం కుదిరింది. షరతు ఇది: మే 3 మధ్యాహ్నం లోపల కనీసం ఐదు పెద్ద స్వీడిష్ యుద్ధనౌకలు సాయంగా రేవులోకి వస్తే కోట స్వీడన్‌దే. రాకపోతే రష్యాది. హామీగా కొన్ని దీవులు వెంటనే రష్యాకు ఇచ్చేయాలి.

ఆ పెద్ద నౌకలు ఉండేది కార్ల్స్‌క్రూనాలో, అక్కడి నుంచి హెల్సింకికి సుమారు 400 నాటికల్ మైళ్ళు. గట్టి చలి పడిన ఏడు హెల్సింకి ముందు మంచు ఏప్రిల్ చివరిదాకా, ఒక్కోసారి మే దాకా ఉంటుంది. కరగడం మొదలైనా గాలికి కొట్టుకొచ్చే మంచు పలకల మధ్యకు చెక్క ఓడను ఎవరూ తీసుకురారు. సాయం అడిగే కబురు ముందు స్టాక్‌హోమ్‌కు చేరాలి. దూతలు వెళ్ళేది రష్యన్ల చేతిలో ఉన్న భూమి మీదుగా, వాళ్ళిచ్చే పాస్‌లతో. వాళ్ళను దారిలో ఎంతసేపు ఆపాలో అంతసేపు ఆపారు, కబురు స్టాక్‌హోమ్‌కు అందేసరికి గడువు ముగిసింది. ఆ తీరంలో పుట్టి, ఆ నీళ్ళ మీదే పెరిగిన క్రోన్‌స్టెడ్ట్‌కు ఇదంతా తెలియదని నేను ఒప్పుకోలేను. మే చివరి దాకా గడువు అడగాల్సింది. సుఖ్తెలెన్ ఒప్పుకోకపోతే చర్చలు ఆపి, మంచు కరిగేదాకా గోడల వెనక కూర్చోవాల్సింది. మంచు పోయిన రోజు నుంచి ఆ కోట తీసుకోవడం రష్యన్ల వల్ల అయ్యేది కాదు. అంటే కాలం అతని వైపు ఉంది. దాన్ని అతనే ఎదుటివాడి చేతిలో పెట్టాడు.

మందుగుండు చాలదని అతను చెప్పుకున్నాడు. కోటను తీసుకున్నాక రష్యన్లకు అందులో మందుగుండు, తిండి దండిగా దొరికాయి. ఫిరంగి దాడుల్లో లోపల చనిపోయినవాళ్ళు చాలా తక్కువ.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది పడవల సంగతి. కోట పోయే పరిస్థితి వస్తే పడవల దళాన్ని తగలబెట్టమని రాజు ఉత్తర్వు స్పష్టంగా ఉంది. క్రోన్‌స్టెడ్ట్ తగలబెట్టలేదు. ఒప్పందంలో ఇంకో షరతుకు తలూపాడు: 1807లో కోపెన్‌హాగెన్ నుంచి పట్టుకుపోయిన డెన్మార్క్ ఓడలను బ్రిటన్ తిరిగిస్తే, శాంతి కుదిరాక ఈ పడవలను రష్యా స్వీడన్‌కు తిరిగిస్తుందట. బ్రిటన్ ఏం చేస్తుందన్నది క్రోన్‌స్టెడ్ట్ చేతిలో ఉందా, స్వీడన్ చేతిలో ఉందా? స్వెన్స్క్‌సుండ్‌లో తన పేరు నిలబెట్టిన రకం పడవలు అవి. ఆ వేసవిలోనే రష్యన్లు వాటిలో మనుషులను ఎక్కించి అదే తీరంలో స్వీడన్ మీదికి నడిపారు. కోటను అప్పగించడానికి నూరు కారణాలు చెప్పొచ్చు. పడవలకు నిప్పు పెట్టకపోవడానికి నాకు ఒక్కటీ కనిపించలేదు.

ఇక లంచం సంగతి. రష్యా నుంచి అతనికి పెన్షన్, ఆస్తి నష్టానికి పరిహారం అందాయి, ఇది నిజం. అతను రష్యా చక్రవర్తికి విధేయుడిగా ప్రమాణం చేసి, హెల్సింకి దగ్గర హెర్టోనాస్ ఎస్టేట్‌లో స్థిరపడి, 1820 ఏప్రిల్‌లో చనిపోయాడు. అయితే లొంగిపోవడానికి ముందే డబ్బు తీసుకున్నాడని రుజువు చేసే కాగితం ఇన్నేళ్ళలో ఒక్కటీ బయటపడలేదు. స్వీడన్‌కు తిరిగి వెళ్తే ఏం జరుగుతుందో తెలిసిన మనిషి ఇంకెక్కడికి వెళ్తాడు? లొంగిపోవాలన్న నిర్ణయానికి యుద్ధ మండలిలోని ఆఫీసర్లు దాదాపు అందరూ ఒప్పుకున్నారు, వాళ్ళందరినీ కొన్నారనుకోవడం కష్టం. నాకు కనిపించేది 51 ఏళ్ళ, అలసిన, రాజు మీద నమ్మకం పోయిన మనిషి. చుట్టూ ఉన్నవాళ్ళు రోజూ "ఇక లాభం లేదు" అంటుంటే, ఒంటరిగా "కాదు" అనలేకపోయాడు. రాజు తప్పు కూడా చిన్నది కాదు. యుద్ధం వస్తోందని ముందే కబుర్లు అందినా పట్టించుకోలేదు, తనకు గిట్టని మనిషినే అక్కడ ఉంచాడు. మరుసటి ఏడు మార్చిలో సొంత ఆఫీసర్లే ఆయన్ను గద్దె దించారు. 1809 సెప్టెంబర్ సంధితో ఫిన్లాండ్ రష్యాకు పోయింది. సుఖ్తెలెన్ తర్వాత స్టాక్‌హోమ్‌లోనే రష్యా రాయబారిగా ఏళ్ళ తరబడి పనిచేశాడు.

"ద్రోహి" అన్న ముద్ర గట్టిగా పడింది 1848లో. ఆ ఏడు ఫిన్లాండ్ కవి రూనెబెర్గ్ ఈ యుద్ధం మీద రాసిన కవితల సంపుటి వచ్చింది. అందులో స్వేయాబోర్గ్ మీద ఉన్న కవితలో ఇతని పేరు పలకడానికి కూడా ఇష్టపడలేదు. ఆ కవితలు స్కూళ్ళలో తరతరాలు చదివారు. ఇప్పటికీ ఫిన్లాండ్‌లో సామాన్యులకు తెలిసిన క్రోన్‌స్టెడ్ట్ ఆ కవితలోని మనిషే, 1790 నాటి ఫ్లాగ్ కెప్టెన్ కాదు.

చివరి ప్రశ్న, కోట నిలబడి ఉంటే? ఫిన్లాండ్ మిగిలేదని గట్టిగా చెప్పలేం. రష్యా పెద్ద దేశం, స్వీడన్ పడమట డెన్మార్క్‌తోనూ పోరాడాల్సి వచ్చింది. కానీ ఏప్రిల్ 6కూ మే 3కూ మధ్య ఉత్తరాన ఏం జరిగిందో చూడండి. ఏప్రిల్ 18న సీకాయోకి దగ్గర, 27న రెవొలాక్స్ దగ్గర స్వీడన్ సైన్యం వెనక్కి తగ్గడం ఆపి రష్యన్లను ఓడించింది. మే నెలలో బ్రిటిష్ అడ్మిరల్ సోమరెజ్ నౌకాదళం బాల్టిక్‌లోకి వచ్చింది, జాన్ మూర్ నాయకత్వంలో సుమారు పది వేల మంది బ్రిటిష్ సైనికులు గోథెన్‌బర్గ్ తీరానికి చేరారు. ఆగస్టులో బ్రిటిష్, స్వీడిష్ ఓడలు కలిసి రష్యన్ నౌకాదళాన్ని ఎస్టోనియా తీరంలోని రోగెర్‌విక్ రేవులోకి తరిమాయి, వ్సెవొలోద్ అనే పెద్ద యుద్ధనౌకను తగలబెట్టాయి. అప్పటికి స్వేయాబోర్గ్ స్వీడన్ చేతిలో ఉంటే, దక్షిణ తీరం మీద నడిచే ప్రతి రష్యన్ దళం వెనక ఏడు వేల మంది, వంద పడవలు కాచుకుని ఉండేవి.